అమ్మ షూటింగ్‌లో ఉందండీ

"ఏం చేస్తున్నావే?" అంది కొట్టు పెద్దమ్మ.

"ఏముంది పెద్దమ్మా, ఖాళీగానే ఉన్నా," అన్నాను.

"మళ్ళీ ఆ మాటా! ఇన్నేళ్ళు చెప్పినా బుర్రకెక్కలేదా నీకు?"

"తప్పయింది పెద్దమ్మా. షూటింగ్‌లో ఉన్నా."

"అదీ!" అని నవ్వింది.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. వెంగళరావు నగర్‌లో వాళ్ళ కూతురింట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, నా మాట తప్పుపట్టడానికని అంత కష్టపడి ఇటు తిరిగింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పోయిందని కబురొచ్చింది. నేను జన్మలో ఒక్క సినిమాలోనూ వేషం వేయలేదు. కెమెరా ముందు ఒక్కనాడూ నిలబడలేదు. మరి ఆ ముసలామెతో షూటింగ్‌లో ఉన్నానని ఎందుకన్నానో చెబుతాను. రాసుకో తల్లీ. నా మాటలు నీ చదువుతో దిద్దకు, ఎట్లా చెబితే అట్లా రాయి.

నా చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్ అంటే సగం బండలు, సగం మనుషులు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు ఏనుగులు కూర్చున్నట్టు రాళ్ళుండేవి. ఆ రాళ్ళ సందుల్లో రేకుల ఇళ్ళు. ఒక పెద్ద బండకు ఆనుకుని, ఎండ పడని వైపున, పెద్దమ్మ కొట్టు. మూడువైపులా గోడలు కట్టి నాలుగో గోడగా ఆ బండనే వాడుకున్నారు. ఎండాకాలంలో ఆ బండకు వీపు ఆనించి నిలబడితే చల్లగా ఉండేది. ఉప్పు, పప్పు, చింతపండు, బీడీలు, కోడిగుడ్లు, కొబ్బరినూనె పొట్లాలు, అన్నీ ఆ కొట్లోనే. కొబ్బరినూనె మా పేటలో తలకి తక్కువ, మొహానికి ఎక్కువ పోయేది. షూటింగ్ నుంచి వచ్చినవాళ్ళు మొహానికున్న రంగు దానితోనే తుడుచుకునేవాళ్ళు.

ఆ కొట్టుకొచ్చే మనుషులను చూడటమే నాకు పెద్ద ఆట. పొద్దున పోలీసు బట్టల్లో వచ్చి బీడీకట్ట అడిగినాయన సాయంత్రం పూజారిగా వచ్చి కోడిగుడ్లు అడిగేవాడు. యముడి కిరీటం చంకలో పెట్టుకుని ఒకాయన పసుపు కోసం బేరమాడటం నా కళ్ళతో చూశాను. పెద్దమ్మ ఏ వేషానికీ జంకేది కాదు. "యముడుగారూ, పక్కకి జరగండి, వెనకాల ఆడపిల్ల నిలబడింది," అనేది. ఆయన జరిగేవాడు.

పెద్దమ్మ గుడివాడ వైపు మనిషి. భర్త పోయాక పిల్లలను పెట్టుకుని ఆ కొట్టు తనే నడుపుకునేది. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలు పట్టుకుని చర్చికి వెళ్ళొచ్చి, అప్పుడు తలుపులు తీసేది. నాకేమీ చుట్టం కాదు. మా అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది.

మా అమ్మది షేక్‌పేట. పెళ్ళయ్యాక ఈ గుట్టమీదికొచ్చింది. సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేది. పెళ్ళి సీనులో అక్షింతలు వేసే ఆడవాళ్ళలో ఒకతె, ఆసుపత్రి సీనులో బెంచీమీద కూర్చునేవాళ్ళలో ఒకతె. తెర మీద అమ్మ వీపు చాలాసార్లు చూశాను, మొహం కనపడటం అరుదు. మాట మాత్రం ఒక్కటీ లేదు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పే వేషం దొరికితే చాలని అమ్మకు ఉండేది. అంట్లు తోముతూ, తనలో తాను, ఎవరో చెప్పిన మాటలు గొంతు మార్చి మార్చి చెప్పుకునేది. నేను తలుపు చాటునుంచి వినేదాన్ని.

ఒక ఏడు మా నాయన సెట్లో నిచ్చెనమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. లైట్లు ఎక్కించే పని ఆయనది. మంచానికి అతుక్కుపోయాడు. దాంతో అమ్మకొచ్చే వేషాలమీదే మా పొయ్యి వెలగాల్సి వచ్చింది. వేషం ఉన్ననాడు అన్నం, కూర. లేనినాడు అన్నం, మిరపకాయ.

వేషం ఉందని తెలిసేదెట్లా? ఇళ్ళల్లో ఫోన్లు లేని రోజులు. కొట్లో ఒక నల్ల ఫోను ఉండేది, తిప్పే చక్రానికి చిన్న తాళం వేసి. మా గుట్టమీది జనమంతా సినిమా కంపెనీలవాళ్ళకు ఆ కొట్టు నంబరే ఇచ్చేవాళ్ళు. ఫోను మోగితే పెద్దమ్మ ఎత్తేది, ఎవరికోసమో కనుక్కుని, ఎదురుగా ఉన్న పిల్లల్లో ఒకరిని వాళ్ళింటికి పరిగెత్తించేది. ఫోను మోగినప్పుడు కొట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. అది పెద్దమ్మ పెట్టిన చట్టం. తక్కెడలో పప్పు పోస్తున్న చెయ్యి కూడా అక్కడే ఆగిపోయేది. ఎందుకంటే మోగిన ప్రతిసారీ అది ఎవరి పొయ్యో తెలియదు.

ఆ ఫోనుకు ఇంకో చట్టం కూడా ఉంది. అవతలి నుంచి ఎవరిని అడిగినా సరే, పెద్దమ్మ చెప్పేది ఒకటే మాట. "ఆవిడ షూటింగ్‌లో ఉందండీ. బ్రేక్ ఇవ్వగానే చేయిస్తాను." ఆ మనిషి నిజంగా ఎక్కడుందో పెద్దమ్మకు తెలుసు. బట్టలు ఉతుకుతూ ఉండొచ్చు, జ్వరంతో పడుకుని ఉండొచ్చు, ఆ కొట్టుముందే గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండొచ్చు. అయినా షూటింగ్‌లోనే. ఏరేవాళ్ళు తలెత్తకుండా ఏరుకునేవాళ్ళు.

ఒకరోజు నేను గళ్ళుప్పు కోసం వెళ్ళాను. మధ్యాహ్నం దాటింది. కొట్లో నాతోపాటు లైట్లు మోసే మామ ఉన్నాడు. మా నాయనతో కలిసి పనిచేసేవాడు, పిలిస్తే అవతలి గుట్టకు వినపడే గొంతు. పోలీసు బట్టల్లో బీడీలాయన ఉన్నాడు. బండకు ఆనుకుని, చెవులు సరిగ్గా వినపడని ఒక ముసలమ్మ తన వంతుకోసం నిలబడి ఉంది. ఫోను మోగింది. అందరమూ బిగుసుకుపోయాం.

ఆ రోజుల్లో ఫోనులో మాట్లాడే మనిషి అరిచినట్టే మాట్లాడేవాడు. అవతలి మాట మాకూ వినపడింది. ఎవరో కంపెనీ మేనేజరు. అడిగింది మా అమ్మను. "మాట ఉన్న వేషమమ్మా, ఒక్క మాటే. బస్టాండు సీను. రేపు పొద్దున్నే కావాలి. ఆవిడ ఉందా?"

మాట ఉన్న వేషం!

"షూటింగ్‌లో ఉందండీ," అంది పెద్దమ్మ, రెప్ప వేయకుండా. "బ్రేక్ ఇవ్వగానే చేయిస్తాను."

ఎప్పుడూ అయితే అక్కడితో అవతలివాళ్ళు పెట్టేసేవాళ్ళు. ఈయన పెట్టలేదు. "మళ్ళీ చేయడాలూ అవీ కుదరవమ్మా. ఆవిడ కాకపోతే ఇంకొకరికి చెప్పుకోవాలి. ఎక్కడ షూటింగు?"

పెద్దమ్మకు అబద్ధాన్ని దూరంగా ఎక్కడో పెట్టి అల్లే తీరిక లేదు. "ఇక్కడేనండీ, మా కొట్టుముందే తీస్తున్నారు," అనేసింది.

"అట్లాగా. మరి చప్పుడే లేదేంటి?"

చూడు మరి! ఇన్నాళ్ళూ పెద్దమ్మ చట్టానికి కట్టుబడి ఊపిరి బిగబట్టిన మేమే ఆమెను పట్టించేశాం. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది కొట్టు. బీడీలాయన నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు.

పెద్దమ్మ గొంతు తగ్గించి, రహస్యం చెప్పినట్టు అంది. "టేక్‌లో ఉన్నారండీ. సైలెన్స్ అన్నారు."

నేను చచ్చినా ఆ మాట మరచిపోను. అంత బెదురులోనూ నాకు నవ్వొచ్చింది, గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను.

"సరే, టేక్ అయ్యేదాకా లైన్లో ఉంటా," అన్నాడాయన.

ఇక చూసుకో. పెద్దమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మావంక చూసింది. బతిమాలుతున్నట్టు లేదు, కోప్పడుతున్నట్టు ఉంది. ఇంతమంది సినిమావాళ్ళుండి ఏం లాభం, అన్నట్టు. ముందు లైట్లమామకు వెలిగింది. పెద్దమ్మ ఫోనుమీంచి చెయ్యి తీయగానే రొమ్ము విరిచి, ఆ గుట్ట అదిరేట్టు, "కట్! ఓకే!" అని అరిచాడు. ఆయనెప్పుడూ ఆ మాట విన్నవాడే గానీ అన్నవాడు కాదు. అన్నాక ఆయన మొహం చూడాలి, పెళ్ళికొడుకు మొహం. బీడీలాయన బిస్కెట్ల డబ్బా మూత తీసి ఠప్పుమని కొట్టి, "నెక్స్ట్ షాట్, నెక్స్ట్ షాట్! గొడుగు పట్టండయ్యా మేడమ్‌కి!" అన్నాడు. బయట ఇస్త్రీ బండివాడికి ఏం అర్థమైందో, వాడు కూడా "జరగండి జరగండి, ఫీల్డులోంచి జరగండి!" అని ఎందుకైనా మంచిదని అరిచాడు.

అందరూ ఇట్లా అరుస్తుంటే, అప్పటిదాకా ఓపిగ్గా నిలబడ్డ ముసలమ్మ తన వంతు వచ్చిందనుకుంది. ఆమెకు ఫోనూ తెలియదు, టేకూ తెలియదు. తనకు వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని, సరిగ్గా ఫోను పక్కకొచ్చి, కొట్టు ఎగిరిపోయేట్టు, "ఓ అమ్మా! చారెడు చింతపండు ఇయ్యి! గింజలు లేంది ఇయ్యి! మొన్నటిదాంట్ల అన్నీ గింజలే!" అంది.

కొట్టు మళ్ళీ బిగుసుకుపోయింది. లైట్లమామ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను. అమ్మ వేషం అయిపోయింది, మిరపకాయలే ఇక.

"ఏంటమ్మా అది? చింతపండు అంటున్నారు?" అన్నాడు మేనేజరు.

"డైలాగండీ," అంది పెద్దమ్మ. "కొట్టు సీను తీస్తున్నారు. ఇంకొక్క షాటుంది, అవగానే పిలుస్తా, లైన్లోనే ఉండండి."

అని, ముసలమ్మకు చింతపండు కట్టిస్తూనే నావంక చూసి కనుబొమ్మలెగరేసింది. పో, అని. నేను ఉప్పు పొట్లం అక్కడే పారేసి పరిగెత్తాను.

అమ్మ షేక్‌పేట వైపు దిగే దారిలో బోరింగు దగ్గర నీళ్ళ వరసలో ఉంది. చెప్పుల్లేవు నాకు, ఎండకు కాలిన బండలమీద ఎగురుకుంటూ, ముళ్ళకంప దాటుకుంటూ పోయాను. అమ్మ ముందు నిలబడేసరికి ఊపిరి అందలేదు. "ఫోను... కొట్టు... నువ్వు..." ఇంతే.

"ఏందే? నాయన పడ్డడా? చెప్పవేందే!" అని అమ్మ నా రెక్క పట్టుకుని ఊపింది. నేను కాదని తలూపానో, అవునని ఊపానో నాకే తెలియదు. అమ్మ బిందెలు అక్కడే వదిలేసి కొంగు నడుముకు చుట్టి పరిగెత్తింది. వెనకనుంచి నీళ్ళకోసం నిలబడ్డ ఆడవాళ్ళు, "నువ్వు పో, నీ బిందెలు మేం పడ్తం! ఫికర్ చెయ్యకు!" అని అరిచారు. సగం దారిలో నాకు ఊపిరి అందింది. "మాట ఉన్న వేషమే అమ్మా!" అన్నాను. అమ్మ వినలేదు. వింటే ఆగేదేమో.

కొట్లోకి దూకినట్టే వచ్చింది. మోకాళ్ళదాకా తడిచీర, మొహమంతా చెమట. నాయనకు ఏమైందోనన్న భయం ఇంకా కళ్ళల్లోనే ఉంది. పెద్దమ్మ ఫోను ఆమె చేతిలో పెట్టే ముందు దానిలోకి అంది. "ఇదిగోండి, వచ్చింది. ఇప్పుడే పరుగు సీను అయింది, ఆయాసపడుతోంది, ఏమనుకోకండి."

మేనేజరు అమ్మ పేరైనా అడగలేదు. "బస్టాండులో బిడ్డకోసం వెతుక్కునే తల్లివమ్మా నువ్వు. కండక్టరును ఆపి అడగాలి. 'అయ్యా, నా బిడ్డ ఈ బస్సులో రాలేదా?' ఇంతే. చెప్పు, వింటా."

ఇన్నేళ్ళు అంట్లు తోముతూ గొంతు మార్చి మార్చి చెప్పుకున్న మనిషికి గొంతు మార్చుకునే వ్యవధి దొరకలేదు. ఊపిరి అందటమే కష్టంగా ఉంది. "అయ్యా..." అంది, ఆగింది, గుటక వేసింది. "నా బిడ్డ... ఈ బస్సుల రాలేదా?" అంది.

కొట్లో ఎవరూ కదలలేదు. ఈసారి చట్టంకోసం కాదు. బీడీలాయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు. లైను తెగిపోయిందేమో అని పెద్దమ్మ ముందుకు వంగింది.

"రేపు కూడా ఆ ఆయాసం తెచ్చుకో," అన్నాడాయన. "పొద్దున్నే బండి పంపిస్తా." పెట్టేశాడు.

కొట్టంతా ఒక్కసారే అరిచింది. లైట్లమామ మళ్ళీ "కట్! ఓకే!" అన్నాడు, ఈసారి ఊరికే, సంతోషానికి. అమ్మ నేలమీద కూలబడి, ముందు నాయన బాగున్నాడా అని అడిగి, తర్వాత ఏడ్చింది. ముసలమ్మ మాత్రం చింతపండు పొట్లం విప్పి గింజలు చూసుకుంటోంది.

గొడవంతా సద్దుమణిగాక, అమ్మ బిందెలకోసం వెళ్ళాక, నేను కొట్లోనే ఉండిపోయాను. బడిలో అబద్ధం ఆడకూడదని చెప్పారు నాకు. అది మనసులో గుచ్చుకుంటోంది. "పెద్దమ్మా, నువ్వు చర్చికి పోతవ్ గద. అబద్ధం జెప్పొచ్చా?" అని అడిగాను.

పెద్దమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పప్పు జల్లెడ పక్కన పెట్టి, నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ అమ్మ ఆ మేనేజరు దృష్టిలో ఎక్కడుందే? ఖాళీగా ఉంది. పిలిస్తే వస్తుంది, పిలవకపోతే ఉండిపోతుంది. నిజంగా ఎక్కడుంది? పొద్దున మీ నాన్నకి కట్టు మార్చింది, నీకు జడ వేసింది, ఎండలో నీళ్ళకి నిలబడింది. అలాంటి మనిషి ఖాళీగా ఉందండీ అని నేను ఫోనులో చెప్తే, అదీ అబద్ధం. 'నీళ్ళ దగ్గరుందండీ' అంటే వాళ్ళకి లెక్కలేదు. వాళ్ళకి అర్థమయ్యే పని ఒక్కటే, షూటింగు. అందుకని వాళ్ళ భాషలో చెప్తున్నా. దేవుడికి నా భాష తెలుసులే."

అంతే అంది. నాకు సగమే అర్థమైంది అప్పుడు. కానీ ఆ మాట చెబుతూ ఆమె నా జడ సరిచేసింది, అది బాగా గుర్తుంది.

మర్నాడు అమ్మ ఆ మాట చెప్పి వచ్చింది. ఆ సినిమా వచ్చాక తెర మీద అమ్మ మొహం నిండుగా కనపడింది, గొంతు వినపడింది. నాయన చంకకర్రల మీద కుంటుకుంటూ హాలుకొచ్చి చూశాడు. అన్నిటికన్నా నవ్వొచ్చేది ఇంకొకటుంది. షాటయ్యాక ఆ మేనేజరు అమ్మ దగ్గరకొచ్చి, "మీ కొట్టు సీను నిన్న బాగా తీశారమ్మా," అన్నాడట. అమ్మకు చెమటలు పట్టాయి. ఆయన నవ్వాడట. "ఆ చింతపండు ముసలామెవరు? గొంతు భలే ఉంది. మనకు జాతర సీనుంది, ఆవిణ్ణి కూడా తీసుకురా."

ఈ కబురు చెప్పడానికి కొట్టు కొట్టంతా కలిసి ముసలమ్మ చెవిలో అరవాల్సి వచ్చింది. విని, "వేషమా? నాకా? చింతపండు ఇస్తరా?" అంది. తర్వాత చాలా సినిమాల్లో ఆమె అరిచింది. ఆమె కోసం ఫోను వచ్చినప్పుడు పెద్దమ్మ అదే మాట చెప్పేది. షూటింగ్‌లో ఉందండీ. ముసలమ్మ బండకు ఆనుకుని కునుకు తీస్తూ ఉండేది.

ఇప్పుడు ఆ కొట్టు లేదు. బండను పగలగొట్టి మేడ కట్టారు. మీ తాత పోయాక నేను జూబ్లీహిల్స్‌లో ఏసీ దుకాణంలో చేరాను కదా, అరల్లో సరుకులు సర్దే పనికి. అక్కడ ఫోను మోగితే ఎవరూ ఆగరు, ఎవరి ఫోను వాళ్ళ జేబులోనే. కానీ పై అంతస్తులో కూర్చునే దుకాణం మేనేజరు మధ్యమధ్య గల్లా దగ్గరికి ఫోను చేసి అడుగుతాడు. ఫలానా అమ్మాయి ఎక్కడుంది, ఖాళీగా ఉందా, అని. పొద్దుటినుంచి నిలబడి నిలబడి కాళ్ళు వాచిన పిల్ల, బియ్యం బస్తాల వెనక ఒక్క నిమిషం కూర్చుని ఉంటుంది. ఆ నిమిషం నాకు కనపడుతుంది, ఆయనకు కనపడదు. నేనే అందుకుని చెబుతాను. "లోపల స్టాకు చూస్తోంది సార్. రాగానే పంపిస్తా." మొదట్లో ఆ పిల్లలు నన్ను వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడు నేను కూర్చున్నప్పుడు నాకోసం వాళ్ళే చెబుతున్నారు. మొన్న ఒక పిల్ల, బోరబండ నుంచి వస్తుంది, ఫోనులో ఏమందో తెలుసా? "అమ్మమ్మ బిజీ సార్, కస్టమర్లు వదుల్తలేరు," అంది. అప్పుడు నేను మిక్చరు పొట్లం విప్పుకుని నోట్లో పోసుకుంటున్నాను!

పెద్దమ్మ ఉంటే ఎంత నవ్వేదో. ఆమెకు చెప్పాలనే ఆఖరిసారి వెళ్ళాను. చెప్పకముందే నోరుజారి ఖాళీగా ఉన్నాననేశాను, ఆమె తిట్టింది, అంతటితో సరిపోయింది. చెప్పనేలేదు. అందుకే నీచేత రాయిస్తున్నాను.

ఇదిగో, నీ ఫోను మోగుతోంది. నాకేనా? ఎవరైనా సరే, మీ అమ్మమ్మ షూటింగ్‌లో ఉందని చెప్పి పెట్టెయ్యి. పెట్టేశావా? ఇట్లా నా పక్కకొచ్చి కూర్చో. మొదట్లో పెద్దమ్మ నన్ను తిట్టింది చూడు, అక్కడి నుంచి చదువు తల్లీ. గట్టిగా చదువు, వింటా.